ఊపిరి తీసుకోమని మెదడుకి చెప్పేది ఎవరు, గ్లియల్ కణాలు ఉత్త జిగురేనా? (మా జేజినాయన ఆక్సిజన్ సంగతి)

కర్నూలు_నర్సింగ్:

అందరికీ నమస్తే. నాది కర్నూలు, బీఎస్సీ నర్సింగ్ సెకండియర్. పోస్టు రోంత పెద్దది, ఓపిగ్గా చదవండి, ఇది శానా రోజుల నుంచి మనసులో తిరుగుతా ఉండాది.

మా జేజినాయన బేతంచెర్లలో బండల పాలిష్ ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు పని చేసినాడు. నా చిన్నప్పుడు సాయంత్రం ఇంటికొస్తే కనురెప్పల మీద కూడా తెల్లగా దుమ్ము ఉండేది, తువ్వాలు దులిపితే వాకిట్లో పిండి రాలినట్లు రాలేది. ఇప్పుడు డెబ్బై రెండేళ్ళు, సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకయ్యే జబ్బు), ఇంట్లోనే ఆక్సిజన్ ఇచ్చే కాన్సంట్రేటర్ మిషన్ పెట్టుకున్నాం. డాక్టరు గారు నిమిషానికి ఒక లీటరు మీద పెట్టి, శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 88 నుంచి 92 మధ్య ఉంటే చాలు అంతకు మించి పెంచద్దండి అని రెండుసార్లు చెప్పి పంపినారు.

పోయిన నెల చుట్టాలు వచ్చినప్పుడు మా మామ వేలికి పెట్టే మిషన్లో 89 చూసి, ఏందబ్బా ఇంత తక్కువుంటే ఎట్ల, మనిషికి గాలి చాలొద్దా అని నాబ్ తిప్పి ఐదు లీటర్లు చేసినాడు. నేను హాస్టల్లో ఉన్నా. నంబరు 97కి పోయింది, అందరూ సంతోషపడినారు. సాయంత్రానికి పిలిస్తే ఊ అని మళ్ళీ కళ్ళు మూసుకుంటాడంట, అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని నమలకుండా అట్లే కూర్చున్నాడంట, ఇన్ని రోజులకి హాయిగా నిద్రపోతున్నాడులే అనుకున్నారంట అందరూ. మా అవ్వ ఒక్కతే ఇది నిద్ర కాదు అని పట్టుబట్టింది. ఆస్పత్రికి తీస్కపోతే ఏబీజీలో (రక్తంలో వాయువుల పరీక్ష) కార్బన్ డయాక్సైడ్ 82, పీహెచ్ (పులుపు కొలత, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 7.22. ఊపిరికి గాలి తోసే బైపాప్ మాస్క్ పెట్టినారు. తెల్లారి కళ్ళు తెరిచి టీ అడిగినాడు. ఆ టీ మాట విన్నాకనే నాకు కాళ్ళల్లో వణుకు తగ్గింది.

నా డౌట్లు రెండు. మొదటిది, మా నోట్సులో సీఓపీడీ వాళ్ళకి ఆక్సిజన్ తక్కువ ఉండటమే ఊపిరికి ప్రేరణ, అది తీసేస్తే ఊపిరి తగ్గిపోతుంది అని ఒక్క లైను ఉండాది. అంతేనా? 97కి పోయినాక కూడా జేజినాయన ఊపిరి తీస్తానే ఉన్నాడని అవ్వ చెప్తాంది, మరి కార్బన్ డయాక్సైడ్ అంత ఎట్ల పెరిగింది?

రెండోది, ఇంటర్ జువాలజీలో గ్లియల్ కణాలంటే మెదడులో న్యూరాన్లకి (నరాల కణాలకి) ఆసరా, తిండి, శుభ్రం, అంతే అని చదువుకున్నాం. మొన్న ఒక సీనియర్ అక్క, మజ్జాముఖంలో (మెదడు అడుగున వెన్నుపాముని కలిసే చోటు) కార్బన్ డయాక్సైడ్ పెరిగిందని కనిపెట్టేది గ్లియల్ కణాలే అని చెప్పింది. నిజమా? అయితే న్యూరాన్లు ఏం చేస్తాయి? దయచేసి తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.


ఫిజియాలజీ_అనంత:

చెల్లెమ్మా, ముందు మీ అవ్వకి నా నమస్కారం చెప్పు. ఏబీజీ మిషన్ కంటే ముందు ఆమె కనిపెట్టింది. నాది అనంతపురం, ఫిజియాలజీ పీజీ చేస్తున్నా, నా థీసిస్ కూడా శ్వాస మీదే కాబట్టి ఈ ప్రశ్న చూసి ఊరుకోలేకపోయినా. నీ రెండో డౌటు ముందు తీసుకుంటా, మొదటిదానికి ఐసీయూ వాళ్ళు ఎవరన్నా వస్తే ఇంకా బాగా చెప్తారు.

మనం నిమిషానికి ఓ పన్నెండు నుంచి పదహారు సార్లు ఊపిరి తీస్తాం, రోజుకి సుమారు ఇరవై వేల సార్లు. ఈ లయ పుట్టే చోటు మజ్జాముఖంలో చిన్న ముడి, ప్రీ బోట్జింగర్ కాంప్లెక్స్ అంటారు, 1991లో జెఫ్రీ స్మిత్, జాక్ ఫెల్డ్‌మన్ వాళ్ళు ఎలుక పిల్లల మజ్జాముఖాన్ని పలచని ముక్కగా కోసి చూపించినారు, శరీరం నుంచి తీసేసిన ఆ ముక్క డిష్‌లో కూడా ఊపిరి లయ కొడుతూనే ఉండింది. బోట్జింగర్ అనేది జర్మనీలో ఒక వైన్ పేరు, సైంటిస్టులు మీటింగ్‌లో ఉన్న సీసా చూసి పెట్టుకున్న పేరు అది, వైవాలో అడుగుతారు గుర్తుపెట్టుకో.

సరే, లయ కొట్టేవాడు ఉన్నాడు. ఎంత బిరిన కొట్టాల, ఎంత గట్టిగా కొట్టాల అని చెప్పేవాడు ఇంకొకడు కావాలి గదా, ఆ చెప్పేది ముఖ్యంగా కార్బన్ డయాక్సైడ్. ఇది మన జనానికి ఎంత చెప్పినా ఎక్కదు, అందరూ ఆక్సిజన్ తగ్గితేనే ఊపిరాడనట్లు అవుతుంది అనుకుంటారు. కాదు. ముక్కు మూసుకుని ఊపిరి బిగబట్టు, కాసేపటికి ఛాతీలో తన్నుకొస్తుంది చూడు, ఆ తన్నుకొచ్చేది ఎక్కువ భాగం కార్బన్ డయాక్సైడ్ పెరిగినందుకే. ఆ వాయువు రక్తం నుంచి మెదడులోకి అడ్డం లేకుండా దూరిపోతుంది, అక్కడ నీళ్ళతో కలిసి కార్బానిక్ ఆమ్లం అవుతుంది, మెదడు చుట్టూ ఉండే ద్రవంలో ప్రోటీన్ తక్కువ కాబట్టి ఆ పులుపుని అణిచేవాళ్ళు అక్కడ పెద్దగా లేరు, కొంచెం పెరిగినా పీహెచ్ వెంటనే కిందికి జారుతుంది. ఆ పులుపుని నాలుక పెట్టి చూసినట్లు చూసే కణాలు మజ్జాముఖం అడుగు ఉపరితలం మీద ఉంటాయి.

ఆ నాలుక ఎవరిది అనేదే నీ ప్రశ్న. 1856లో జర్మనీ డాక్టరు రుడాల్ఫ్ విర్కో ఈ కణాలకి న్యూరోగ్లియా అని పేరు పెట్టినాడు, గ్లియా అంటే గ్రీకులో జిగురు, న్యూరాన్లని అతికించి పట్టుకునే పదార్థం అని ఆయన ఉద్దేశం. ఆ పేరు పడింది, నూటయాభై ఏళ్ళు జిగురుగానే చూసినారు. మెదడులో న్యూరాన్ల కంటే గ్లియా పదింతలు ఉంటాయని కూడా పుస్తకాల్లో రాసేవాళ్ళు, 2009లో బ్రెజిల్ సైంటిస్టు సుజానా హెర్కులానో-హౌజెల్ బృందం లెక్క కట్టి చూస్తే న్యూరాన్లు సుమారు 8,600 కోట్లు, మిగతా కణాలన్నీ కలిపి కూడా దాదాపు అంతే అని తేలింది.

ఇప్పుడు అసలు సంగతి. 2010లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో అలెగ్జాండర్ గౌరిన్ బృందం సైన్స్ పత్రికలో ఒక పేపర్ వేసినారు. గ్లియాలో ఒక రకం ఆస్ట్రోసైట్లు, నక్షత్రం మాదిరి కొమ్మలు చాచుకుని ఉంటాయి, ఒక పక్క రక్తనాళాన్ని పట్టుకుని ఇంకో పక్క న్యూరాన్ని పట్టుకుని ఉంటాయి. ఎలుకల మజ్జాముఖం అడుగున ఉండే ఆ ఆస్ట్రోసైట్లలోకి క్యాల్షియం పెరిగితే వెలిగే ప్రోటీన్ పంపినారు. చుట్టూ ఉండే ద్రవం పీహెచ్ 0.2 తగ్గించినారు, అంతే, రోంత పులుపు. ఆస్ట్రోసైట్లు టపటపా వెలిగినాయి. వెలిగి ఏటీపీని బయటికి వదిలినాయి. మనం శక్తికి కరెన్సీ అని చదువుకున్నామే, అదే ఏటీపీ, ఇక్కడ కబురుగా పనిచేస్తుంది. ఆ కబురు పక్కనే ఉండే న్యూరాన్లకి తగిలితే అవి ఊపిరి పెంచమని లయ కొట్టేవాళ్ళకి చెప్తాయి. ఏటీపీ అందుకునే తలుపులని మందుతో మూసేస్తే ఆ న్యూరాన్ల స్పందన బాగా పడిపోయింది.

ఇంకొకటి చేసినారు, నాకు అది చదివినప్పుడు ఒళ్ళు జలదరించింది. నాచు నుంచి తీసిన ఒక ప్రోటీన్ ఉంటుంది, నీలి వెలుతురు పడితే తెరుచుకుంటుంది. దాన్ని ఒక్క ఆస్ట్రోసైట్లలోనే పెట్టి, మత్తులో ఉన్న ఎలుక మజ్జాముఖం మీద నీలి లైటు వేసినారు. న్యూరాన్లని ముట్టుకోలేదు, కార్బన్ డయాక్సైడ్ పెంచలేదు. ఎలుక ఊపిరి పెరిగింది. జిగురు అనుకున్నవాడు తట్టి లేపితే ఊపిరి కదిలింది గదా, మరి జిగురు అని ఎట్ల అంటాం?

మీ సీనియర్ అక్క చెప్పింది నిజమే, కానీ "గ్లియల్ కణాలే" లో ఆ "ఏ" తీసెయ్. ఎందుకో రాత్రి రాస్తా, డ్యూటీ టైం అయింది.


కేసీ_కాలవ:

అన్నా శానా బాగ చెప్పినావు. నేను సైన్సు చదువుకోలా, ఐటీఐ. మాది కేసీ కాలవ పక్కన ఊరు, సుంకేసుల నుంచి నీళ్ళు వదిలినారంటే పిల్లోళ్ళం అందరం కాలవలోనే. నువ్వు ఊపిరి బిగబట్టడం గురించి రాసినావు కాబట్టి అడుగుతాండా.

మేం ఎవరు ఎక్కువ సేపు నీళ్ళ కింద ఉంటారని పందెం కట్టేవాళ్ళం. మాలో ఒకడు దూకే ముందు గట్టిగట్టిగా ఇరవై ముప్పై సార్లు ఊపిరి లాగి వదిలేవాడు, అట్ల చేస్తే లోపల గాలి నిండుకుంటాదని. వాడే గెలిచేవాడు. ఒకరోజు వాడు పైకి రాలా. కొట్టుకోలేదు, బుడగలు కూడా రాలా, నీళ్ళ కింద ఊరికే పడుకున్నట్లు ఉన్నాడు, మా పెద్దనాయన కొడుకు దూకి జుట్టు పట్టి లాగినాడు. బతికినాడు, దేవుడి దయ. ఇప్పటికీ వాడు చెప్పేది నాకు ఊపిరాడనట్లు అనిపించనే లేదురా అని. అది ఎట్ల సాధ్యం?

ఇంకోటి. మా నాయన బాయిల్లో పూడిక తీసే పనికి పోయేవాడు. పాత బాయిలోకి దిగేముందు లాంతరు వెలిగించి తాడుకి కట్టి దించేవాడు, ఆరిపోతే ఆ పొద్దు దిగేది లేదు ఎంత కూలి ఇస్తామన్నా. వేపమండలు కట్ట కట్టి తాడుతో పైకీ కిందికీ ఆడించేవాళ్ళు గాలి మారాలని. ఒక బాయిలో దిగినాయప్ప గస పోసుకుంటా అరుస్తా పైకొచ్చినాడంట, ఇంకో బాయిలో దిగినాయప్ప మాత్రం ఒక్క అరుపు లేకుండా కూలబడినాడంట. రెండూ చెడ్డగాలే గదా, ఒకటి చెప్పి ఒకటి చెప్పకుండా ఎందుకు చేసింది? మీరు చెప్పే ఆ కణాలకి దీనికి ఏమన్నా సంబంధం ఉందా?


ఫిజియాలజీ_అనంత:

తమ్ముడూ, నువ్వు రాసిన రెండూ నా క్లాసులో పిల్లోళ్ళకి చెప్పుకోవాల్సిన ఉదాహరణలు. సంబంధం ఉంది, సూటిగా ఉంది.

మీ స్నేహితుడు ముప్పై సార్లు గాలి లాగినప్పుడు లోపల ఆక్సిజన్ పెద్దగా పెరగదు, రక్తం మామూలుగానే దాదాపు నిండి ఉంటుంది. పోయేది కార్బన్ డయాక్సైడ్. అది కడిగేసినట్లు పోతుంది. మజ్జాముఖంలో పులుపు తగ్గి ఆస్ట్రోసైట్లు, న్యూరాన్లు రెండూ మాకేం కబురు లేదు అని కూర్చుంటాయి. నీళ్ళ కింద ఒళ్ళు ఆక్సిజన్ వాడేసుకుంటూనే ఉంటుంది, కార్బన్ డయాక్సైడ్ మళ్ళీ తన్నుకొచ్చే స్థాయికి ఎక్కేలోపే ఆక్సిజన్ స్పృహ తప్పే స్థాయికి దిగిపోతుంది. మెడలో కెరోటిడ్ బాడీలు అని ఆక్సిజన్ చూసేవి ఉన్నాయి, దాని పని కనుక్కున్నందుకే కార్నెయ్ హేమన్స్‌కి 1938 నోబెల్, కానీ కార్బన్ డయాక్సైడ్ అంత తక్కువున్నప్పుడు వాటి కేక ఒక్కటే మనిషిని పైకి లేపలేదు. అందుకే కొట్టుకోలేదు వాడు. దయచేసి మీ ఊర్లో పిల్లోళ్ళు ఇప్పటికీ అట్ల చేస్తుంటే ఆపండి, ఈత బాగా వచ్చినవాళ్ళే దీనికి బలవుతారు.

బాయి సంగతీ అంతే. కార్బన్ డయాక్సైడ్ చేరిన బాయిలో దిగితే ఆ పులుపు కబురు వెంటనే పోతుంది, గస వస్తుంది, మనిషి అరిచి పైకి వస్తాడు, మరీ ఎక్కువుంటే అక్కడికక్కడే మత్తు కమ్ముతుంది అది వేరే. ఆక్సిజన్ అయిపోయి ఉత్త నైట్రోజన్ మిగిలిన బాయిలో అయితే, ఊపిరి వదిలినప్పుడల్లా కార్బన్ డయాక్సైడ్ మామూలుగానే బయటికి పోతూ ఉంటుంది కాబట్టి లోపల నాలుకకి ఏ పులుపూ తగలదు, నాలుగు ఊపిరులకే కళ్ళు తిరిగి పడిపోతాడు. మీ నాయన లాంతరు ఆ రెండో గాలిని కూడా పట్టుకునేది, మన ఒంట్లో లేని కన్ను అది. ఒక్క మాట మాత్రం చెప్తా, ఆ దీపం వెలుగుతుంది కదా అని మురుగు గుంతల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో నమ్మొద్దు. అక్కడ హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది, మనిషిని చంపేంత ఉన్నా దీపం ఆరదు, ఎక్కువ మోతాదులో ముక్కుకి వాసన కూడా తెలీకుండా పోతుంది. మీథేన్ ఉంటే దీపమే ప్రమాదం.


ఐసీయూ_సిస్టర్_కడప:

కర్నూలు పాపా, నీ మొదటి డౌటుకి నేను చెప్తా. కడపలో పద్నాలుగేళ్ళుగా ఐసీయూలో చేస్తున్నా, ఐదు లీటర్ల కేసులు ఎన్ని చూసినానో లెక్కలేదు. మీ మామని తిట్టొద్దమ్మా, ప్రేమతోనే చేసినాడు, నంబరు పెరిగితే మంచిదే అనుకోవడం ఎవరికైనా సహజం.

మీ నోట్సులో ఆ లైను పూర్తిగా తప్పు కాదు కానీ అది చిన్న ముక్క. ఆక్సిజన్ ఎక్కువ పెట్టగానే ఊపిరి కొంచెం తగ్గుతుంది నిజమే, చాలామందిలో మళ్ళీ దాదాపు మామూలుకి వచ్చేస్తుంది, అయినా కార్బన్ డయాక్సైడ్ ఎక్కుతూనే ఉంటుంది. మీ అవ్వ ఊపిరి తీస్తానే ఉన్నాడు అన్నది అందుకే కరెక్టు. ఎందుకంటే దుమ్ముతో, పొగతో పాడైన ఊపిరితిత్తిలో కొన్ని భాగాలకి గాలి సరిగ్గా పోదు. అక్కడికి రక్తం పంపడం దండగ అని ఊపిరితిత్తే ఆ భాగాల రక్తనాళాలని బిగించుకుంటుంది, రక్తాన్ని మంచి భాగాల వైపు మళ్ళిస్తుంది. చెడిపోయిన మడికి నీళ్ళు కట్టేసి పైరున్న మడికి వదిలినట్లు. మనం ఆక్సిజన్ దండిగా పెడితే ఆ బిగింపు వదులుతుంది, రక్తం గాలి ఆడని భాగాలకి పోతుంది, అక్కడ కార్బన్ డయాక్సైడ్ దించుకునే దారి లేక అట్లే తిరిగి వస్తుంది. దీనికి తోడు హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌తో నిండిపోతే కార్బన్ డయాక్సైడ్‌ని మోసే శక్తి తగ్గి దాన్ని రక్తంలోకి వదిలేస్తుంది. మూడూ కలిసి కొడతాయి.

2010లో ఆస్ట్రేలియాలో టాస్మానియాలో అంబులెన్సుల్లోనే దీన్ని పరీక్ష చేసి చూసినారు, 405 మంది మీద. దండిగా ఆక్సిజన్ పెట్టినవాళ్ళలో 9 శాతం చనిపోతే, 88 నుంచి 92 మధ్యలో ఉండేట్టు చూసి పెట్టినవాళ్ళలో 4 శాతం. ఆ డాక్టరు గారు నీకు రెండుసార్లు చెప్పిన నంబరు ఊరికే చెప్పింది కాదు.

ఇంకొకటి గట్టిగా చెప్తున్నా, మగతగా ఉన్నాడని భయపడి ఆక్సిజన్ మొత్తం పీకేయకండి ఎవరూ. అప్పుడు శాచురేషన్ ముందున్నదానికంటే కిందికి దబ్బున పడిపోతుంది. డాక్టరు చెప్పిన లీటరుకి తగ్గించి వెంటనే ఆస్పత్రికి తీసుకురావాలి.


కర్నూలు_నర్సింగ్:

సిస్టర్, మడికి నీళ్ళు కట్టినట్లు అన్నారు చూడండి, మా మామకి ఫోన్ చేసి అదే చెప్పినా, ఒక్కసారికే అర్థమైంది. ఆయన రెండు రోజులుగా అన్నం సరిగ్గా తినడం లేదంట బాధతో, ఇప్పుడు మీరు తిట్టొద్దు అన్నారని కూడా చెప్పినా.

అనంత అన్నా, ఇంకో డౌటు. జేజినాయనకి మామూలు రోజుల్లోనే కార్బన్ డయాక్సైడ్ 55, 58 ఉంటాదని పాత రిపోర్టుల్లో చూసినా. మనకి 40 ఉంటే చాలు గదా. అంత ఎక్కువుంటే ఆ ఆస్ట్రోసైట్లు ఎప్పుడూ కేకలు పెడుతూనే ఉండాలి, ఆయన ఎప్పుడూ గస పోసుకుంటానే ఉండాలి. కానీ మంచం మీద కూర్చుని పేపర్ చదువుకుంటాడు. అవి అలిసిపోయినాయా?


ఫిజియాలజీ_అనంత:

అలిసిపోవడం కాదమ్మా, అలవాటు పడినాయి అనుకో, ఇంకా సరిగ్గా చెప్పాలంటే వాటి చుట్టూ ఉన్న ద్రవాన్నే ఒళ్ళు సర్దేసింది. కార్బన్ డయాక్సైడ్ రోజుల తరబడి ఎక్కువుంటే కిడ్నీలు బైకార్బనేట్‌ని బయటికి పోనీకుండా పట్టుకుంటాయి, మెదడు ద్రవంలో కూడా బైకార్బనేట్ పెరుగుతుంది, పులుపుకి సోడా ఉప్పు కలిపినట్లు. కార్బన్ డయాక్సైడ్ 58 ఉన్నా అక్కడ పీహెచ్ దాదాపు మామూలుగానే ఉంటుంది. నాలుకకి తగిలేది ముఖ్యంగా పులుపు కాబట్టి కేక తగ్గిపోతుంది. అట్లాంటి మనిషికి కార్బన్ డయాక్సైడ్ ఇంకా పెరిగినా స్పందన మొద్దుగానే ఉంటుంది, పైగా 82కి పోతే అదే మత్తు మందు మాదిరి పనిచేస్తుంది. మీ జేజినాయనకి ఆ సాయంత్రం జరిగింది అదే.

ఇప్పుడు పొద్దున ఆపిన మాట. "గ్లియల్ కణాలే" ఎందుకు కాదంటే, మజ్జాముఖం అడుగున రెట్రోట్రెపిజాయిడ్ న్యూక్లియస్ అని న్యూరాన్ల గుంపు ఒకటి ఉంది, అమెరికా వర్జీనియాలో పాట్రిస్ గీయెనె బృందం 2004 నుంచి చూపిస్తా వచ్చినారు, ఆ న్యూరాన్లు సొంతంగానే పులుపుని పడతాయి. వాటిలో జీపీఆర్4 అని ఒక గ్రాహకం, టాస్క్2 అని ఒక పొటాషియం దారి ఉన్నాయి. 2015లో ఎలుకల్లో ఈ రెండూ తీసేస్తే కార్బన్ డయాక్సైడ్‌కి వచ్చే శ్వాస స్పందన చాలావరకు పోయింది. కాబట్టి న్యూరాన్ల పక్షం వాళ్ళు అసలు నాలుక మాదే, ఆస్ట్రోసైట్ వంత పాడుతుంది అంటారు. గ్లియా పక్షం వాళ్ళు ఏటీపీ అందకపోతే మీ న్యూరాన్ల గొంతు పెగలదు గదా అంటారు. ఇంగ్లండ్‌లో వారిక్ యూనివర్సిటీ నికొలస్ డేల్ బృందం ఇంకో మాట తెచ్చినారు, ఆస్ట్రోసైట్ల మీద కనెక్సిన్ 26 అనే ప్రోటీన్ ఉంది, దానికి పులుపుతో పనిలేదు, కార్బన్ డయాక్సైడ్ అణువే నేరుగా వచ్చి అతుక్కుంటే తెరుచుకుని ఏటీపీ వదులుతుంది అని. నాకైతే ఇది ఇద్దరి పని అనిపిస్తుంది. రచ్చబండ దగ్గర ఒకడు పొగ వాసన పట్టి అరిస్తే ఇంకొకడు కళ్ళతో చూసి పరిగెత్తినట్లు, ఊరు లేవాలంటే ఇద్దరూ కావాలి. ఎవరి వాటా ఎంత అనే కొట్లాట ఇంకా నడుస్తానే ఉంది.

కార్బన్ డయాక్సైడ్‌తోనే ఆగిపోదు. 2018లో గౌరిన్ బృందంలోనే షహ్రియార్ షేఖ్‌బహాయి వాళ్ళు లయ కొట్టే ఆ ప్రీ బోట్జింగర్‌లో ఉన్న ఆస్ట్రోసైట్లు కబురు వదలకుండా కట్టేసినారు. ఎలుకల మామూలు ఊపిరి వేగమే తగ్గింది. ఆక్సిజన్ తగ్గించినా, కార్బన్ డయాక్సైడ్ పెంచినా స్పందన మందగించింది. పరిగెత్తిస్తే తొందరగా చతికిలబడినాయి. నిట్టూర్పులు కూడా తగ్గినాయి. నిట్టూర్పు అంటే బాధతో విడిచేదే అనుకుంటాం గానీ మనం తెలీకుండానే కొన్ని నిమిషాలకొకసారి మామూలుకి రెండింతలు పెద్ద ఊపిరి లాగుతాం, మూసుకుపోయిన గాలి తిత్తులు మళ్ళీ విచ్చుకోవడానికి. దాంట్లో కూడా ఈ జిగురుకి చెయ్యి ఉందని తెలిసినప్పటి నుంచి నేను మా అమ్మ నిద్రలో నిట్టూర్చినా ఆగి వింటున్నా.


బిడ్డ_తల్లి_ధర్మవరం:

నమస్తే అండి. నేను చదువుకున్నది డిగ్రీ వరకే, మగ్గం నేసే ఇల్లు మాది. మీ మాటలన్నీ రెండు సార్లు చదివినా. మా పాపకి ఎనిమిదేళ్ళు, రెట్ సిండ్రోమ్ అని బెంగళూరులో చెప్పినారు. ఏడాదిన్నర వరకు బాగుండేది, అమ్మా అనేది, తర్వాత మాట పోయింది, చేతులు రెండూ కలిపి పిసుకుతానే ఉంటాది గుడ్డ పిండినట్లు.

నన్ను భయపెట్టేది దాని ఊపిరి. మెలకువగా ఉన్నప్పుడు గబగబా గబగబా ఊపిరి తీసి ఉన్నట్టుండి ఆపేస్తుంది, నేను మగ్గం మీద నుంచి లేచి వచ్చేలోపు పెదవులు నల్లబడతాయి, మళ్ళీ ఒక్కసారి పెద్దగా లాగుతుంది. నిద్రపోతే మాత్రం చాలావరకు సరిగ్గానే ఉంటాది, అందరికీ రాత్రి భయం, నాకు పగలు భయం. మీరు రాసిన గ్లియల్ కణాలకి దీనికి ఏమన్నా సంబంధం ఉంటే చెప్పండి. ఆశ పెట్టుకోవాలని కాదు, తెలుసుకోవాలని.


ఫిజియాలజీ_అనంత:

అక్కా, ఉంది. తెలిసింది తెలిసినట్లే చెప్తాను.

రెట్ సిండ్రోమ్‌ని మొదట రాసింది వియన్నా డాక్టరు ఆండ్రియాస్ రెట్, 1966లో. కారణం 1999లో దొరికింది, హుదా జోగ్బీ గారి ల్యాబ్‌లో, ఎక్స్ క్రోమోజోమ్ మీద ఎంఈసీపీ2 అనే జన్యువులో లోపం. సుమారు పది వేల మంది ఆడపిల్లల్లో ఒకరికి వస్తుంది, దాదాపు అన్నీ కొత్తగా పుట్టిన మార్పులే, తల్లి గర్భంతో ఉన్నప్పుడు ఏదో తిన్నందుకో తిననందుకో వచ్చింది కాదు. మీతో ఎవరన్నా అట్ల అని ఉంటే ఆ మాట మనసులోంచి తీసేయండక్కా. మెలకువలో గబగబా తీసి ఆపేయడం, నిద్రలో నెమ్మదించడం ఈ పిల్లల్లో చాలామందికి ఉండేదే.

చాలా ఏళ్ళు ఇది న్యూరాన్ల జబ్బే అనుకున్నారు. 2011లో నేచర్ పత్రికలో ఒక పని వచ్చింది. ఆ జన్యువు ఎక్కడా లేని ఎలుకల్లో ఒక్క ఆస్ట్రోసైట్లలోనే దాన్ని తిరిగి పెట్టి చూసినారు, న్యూరాన్లలో పెట్టలేదు. ఆ ఎలుకల నడక మెరుగైంది, ఊపిరి లయ మామూలు ఎలుకల లయకి దగ్గరికొచ్చింది, ఎక్కువ కాలం బతికినాయి. న్యూరాన్లు లోపంతోనే ఉన్నాయి, పక్కన ఉండే నక్షత్రాల కణాలు బాగైతేనే ఆ మాత్రం మార్పు వచ్చింది.

ఇది ఎలుకల్లో అక్కా, మీ పాపకి రేపు ఇచ్చే మందు కాదు. మనుషులకైతే ట్రోఫినెటైడ్ అనే మందుని 2023 మార్చిలో అమెరికాలో ఆమోదించినారు, అది రెట్‌కి మొదటి మందు, పూర్తిగా నయం చేసేది కాదు, లక్షణాలు కొంత తగ్గించేది. దాని గురించి మీ బెంగళూరు న్యూరాలజిస్టునే అడగండి, ఇంటర్నెట్‌లో చూసి తెప్పించుకోవద్దు. పాప ఊపిరి ఆపేటప్పుడు ఫోన్లో వీడియో తీసి పెట్టుకోండి, ఫిట్స్‌కీ దీనికీ తేడా చెప్పడానికి డాక్టరుకి అది చాలా పనికొస్తుంది.


బిడ్డ_తల్లి_ధర్మవరం:

వీడియో తీయమని ఎవరూ చెప్పలేదు ఇంతవరకు. తీస్తాను తమ్ముడూ. మా అత్త నేను గ్రహణంలో బయట తిరిగినందుకే అంటాది ఇన్నేళ్ళుగా. మీరు రాసింది ఆమెకి చదివి వినిపించినా. ఏమీ అనలేదు, పాప పక్కన కూర్చుని చేతులు పట్టుకుంది.


కర్నూలు_నర్సింగ్:

అక్కా, మీ పోస్టు చదివి చాలా సేపు ఏం రాయాలో తెలీలేదు. పాపకి నా ముద్దులు.

శనివారం ఇంటికొచ్చినా. కాన్సంట్రేటర్ నాబ్ ఒక లీటరు దగ్గర పెట్టి చుట్టూ తెల్ల ప్లాస్టర్ వేసి, దాని మీద స్కెచ్ పెన్నుతో "ముట్టుకోవద్దు, 88 నుంచి 92 చాలు" అని రాసినా. మా మామే ప్లాస్టర్ కత్తిరించి ఇచ్చినాడు. ఇప్పుడు జేజినాయన పక్కన మంచం మీద కూర్చుని టైప్ చేస్తాండా, నిమిషానికి ఇరవై రెండు సార్లు తీస్తున్నాడు, పెదాలు మూసి విజిల్ వేసినట్లు వదులుతున్నాడు, ఎవరూ నేర్పకుండానే. సిస్టర్, ఇంట్లో నేను లేనప్పుడు అవ్వ ఏమేం చూసుకోవాలి? నంబరు ఆమెకి చదవడం రాదు.


ఐసీయూ_సిస్టర్_కడప:

నంబరు రాకపోయినా ఫర్వాలేదు పాపా, మీ అవ్వకి ఆ రోజు ఏ నంబరూ అక్కర్లేదు గదా. పొద్దున లేవగానే తలనొప్పి అంటున్నాడా అని అడగమను. మాట్లాడతా మాట్లాడతా మగతలోకి పోతున్నాడా, రాత్రి నిద్ర లేక పగలు తూగుతున్నాడా చూడమను. చేతులు రెండూ ముందుకి చాచి మణికట్టు పైకెత్తి పెట్టమంటే పంజాలు దభదభ కిందికి పడుతున్నాయా చూడమను, అరచేతులు మామూలుకంటే వెచ్చగా ఉన్నాయా పట్టి చూడమను. నిద్రమాత్రలు, దగ్గు తగ్గడానికని మత్తు సిరప్‌లు మెడికల్ షాపులో సొంతంగా అడిగి తేవద్దు, అవి ఆ లయ కొట్టే చోటునే అణుస్తాయి. వీటిలో ఒక్కటి కనబడినా నీకు ఫోన్ చేసే లోపే ఆటో పిలవమను. పెదాలు మూసి వదలడం మంచిదే, ఆయన్ని అట్లే వదలనీ.